కుక్కలింటి సంబంధం

ఎనభై రెండుల, మేడారం జాతర అయిపోయి ఎండలు ముదురుతాన్న రోజులల్ల నాకొక సంబంధం ఒచ్చింది. పిల్లగాడు మన కులపోడే, పేరు బాలకిషన్, ఖిలా వరంగల్‌ల సొంతిల్లు, ఇంటెనుక ఇంత జాగ, తండ్రి లేడు, తల్లి శ్యామలమ్మ శాన పనిమంతురాలు. గివన్ని దండిగ చెప్పుకుంట ఒచ్చిన పెండ్లిళ్ల సమ్మమ్మ ఆఖరికి గొంతు తగ్గించి, "వాళ్లది కుక్కల యాపారం" అన్నది.

మగ్గం మీద కూసున్న మా బాపు బుచ్చిరాములు చెయ్యి ఆడనే ఆగింది. మాది కొత్తవాడ. మా గల్లీల ఏ ఇంటికి పోయినా కింద పరిచే శత్రంజీలు నేసే మగ్గమే, ఏ ముచ్చటైనా ఆ చప్పుడులనే. యాపారమంటే మాకు నూలు, రంగు, శత్రంజీ. కుక్కలతోని యాపారమేందో మా ఇంటిల్లిపాదికి సమజ్ కాలే.

"కుక్కలను ఎవలు కొంటరే" అన్నది మా అవ్వ మల్లవ్వ.

"ఎవలు కొంటరా? హైద్రాబాదు నుంచి జీపులేసుకొని ఒస్తరు. రైసుమిల్లు సేట్లు, కాజీపేట రైల్వే ఆఫీసర్లు, అందరు ఆమె గేటు ముందలనే. తోడేలంత కుక్కలున్నయి, తెల్లటి బొచ్చుకుక్కలున్నయి. మంద ఉన్నది మంద."

మూలకు కూసొని కండెలు చుడుతాన్న మా మేనత్త అప్పుడు తల ఎత్తింది. ఆమె పేరు రాములవ్వ, మా బాపుకు అక్క. పిల్లలు కాలేదని ఆమె పెనిమిటి ఇంకొకామెను చేసుకొని ఈమెను పంపిచ్చేసిండు. బాపు పోయి తోల్కచ్చుకున్నడు. నేను పుట్టకముందటి ముచ్చట అది. ఆ సంగతి ఆమె ముందల ఎవలం తియ్యం, ఆమె అంతకన్నా తియ్యది. గని ఇంట్ల ఏ మాటైనా ఆమె ఊ అన్నంకనే. రెండు కండ్లకు మోతిబిందు ఒచ్చి మసక కమ్మినా, నూలుల ముడి ఏడున్నదో ఆమె వేళ్లకు తెలుస్తది. మనుషులల్ల ముడి గూడ.

"సమ్మమ్మా, ఆ ఇంట్ల ఈనుడు ఆగిన ఆడకుక్కలను ఏం చేస్తరు?" అన్నది అత్త.

సమ్మమ్మ నవ్వింది. "గదెందుకక్కా మనకు?"

"గదే కావాలె నాకు. ఈనినన్ని ఏండ్లు గటక పోసి, ఆగినంక బయటికి తోలే ఇల్లయితే, ఆ ఇంటికి మా నిర్మలను ఇయ్యం."

బాపు మళ్ల మగ్గం కొట్టుడు మొదలుపెట్టిండు, తల మాత్రం ఎత్తలే. సమ్మమ్మ తాంబూలం నములుకుంట లేచి పోయింది.

ఇగ మా గల్లీ ఊకుంటదా. పొద్దుగూకేసరికి నలుగురు నాలుగు తీర్ల చెప్పిండ్లు. కండ్లు తెరవని కూనలనే అమ్ముతరని ఒకామె. బక్కయి పుడితే కోట కందకంల పారేస్తరని ఇంకొకామె. ఒకే ఆడకుక్కతోని ఊపిరి తీసుకోనియ్యకుంట ఈనిపిస్తరని, ముసలిదైతే దాని అతీగతీ ఎవలకు ఎరుక లేదని నూలు దుకాణమాయన. అన్ని కుక్కలు పెంచేటోళ్లు పాపం పుణ్యం చూస్తరా అని అందరు. ఒక్కలు గూడ ఆ ఇంటి గడప తొక్కినోళ్లు కాదు.

అత్త అన్నీ విన్నది. తెల్లారి నన్ను పక్కకు పిలిచింది.

"నాతోని రా పొల్లా. నీ కండ్లు కావాలె నాకు."

పెండ్లి కావాల్సిన పిల్ల పిల్లగాని ఇంటికి పోవుడేందని అవ్వ మొత్తుకున్నది. అత్త ఇనలే. "ఇల్లు చూడ ఒస్తానమని చెప్పి పోతే ఊడ్చి అలికి పండుగ చేసి పెడతరు. కుక్కపిల్లను కొనేటోళ్ల లెక్క పోతం. మేమెవలమో వాళ్లకేం ఎరుక."

స్టేషన్ దాక రిక్షా, ఆడ్నుంచి నడక. ఎండ నెత్తి మీద నిప్పులు పోస్తాంది. అత్త నా భుజం పట్టుకొని నడిచింది. మట్టికోట కట్ట దాటినంక ఊరి చివర ఒక గేటు, గేటెనుక యాపచెట్లు. మేము ఇంకా అల్లంత దూరంల ఉండంగనే కుక్కలు లేచినయి. ఆ మొరుగుడు ఇంటే నాకు బుగులైంది. భూమిలకెల్లి లేచినట్టు ఒచ్చింది ఆ సప్పుడు. ఎనుకకు పోదామత్తా అన్న. ఆమె నా భుజం ఇంకింత గట్టిగ పట్టింది.

గేటు తీసింది శ్యామలమ్మ. సన్నటి మనిషి, నేత చీర, కొంగు నడుముకు చెక్కింది. ఆమె కుక్కల దిక్కు తిరిగి కోప్పడలే, కట్టె ఎత్తలే. ఉత్తగ అరచెయ్యి కిందికి చూపిచ్చి, "ఇగ చాలు బిడ్డా" అన్నది, పక్కింటామెతోని మాట్లాడినంత మెల్లగ. మంద మందంత ఊకున్నది. ఎండల యాపాకు రాలితే ఇనవడేటంత నిశ్శబ్దం. అసొంటిది నేను అంతకుముందు చూడలే.

"కుక్కపిల్ల కావాల్నని ఒచ్చినం" అన్నది అత్త.

"మంచిది వదినె, రాండ్లి" అన్నది శ్యామలమ్మ.

నేను అత్తకు చెవులల్ల చెప్పుకుంట పోయిన, ఏమున్నది ఎట్లున్నదని. ఇటుక గచ్చు, కడిగి ఉన్నది. కుక్కకో నీళ్ల కుండ. యాపచెట్ల నీడకు తల్లులు, వాటి పక్కల పిల్లలు. తల్లుల డొక్కలు లోపలికి పోలే, బొచ్చు ఊడలే. అత్త ముక్కెగబీల్చింది. "ఫినాయిల్ వాసన ఇంతగనమెందుకే" అన్నది నాతోని మెల్లగ. "ఏదో దాస్తాండ్లు."

మేము చూసుడు అయినంక ఆమె అడుగుడు మొదలైంది. ఏడుంటరు, పగటిపూట ఇంట్ల ఎవలుంటరు, పిల్ల ఏడ పండుకుంటది, జాతరకు ఇంటిల్లిపాది పోతే దానికి గటక ఎవలు పోస్తరు. అత్త ఒకటి చెప్తే ఆమె ఇంకొకటి అడిగింది. ఆఖరికి మా ఇల్లు రేకుల ఇల్లని, దినమంతా మగ్గాల చప్పుడని తెలిసినంక తల అడ్డం ఊపింది.

"ఏమనుకోకు వదినె. మీకు కుక్కనియ్య. బొచ్చుకుక్క రేకుల కింద ఈ ఎండకు తట్టుకోదు. పెద్దజాతిదేమో ఆ చప్పుడుకు పిచ్చిదైతది. మీకు కావలి కావాల్నంటే ఊరకుక్క పిల్లనొకదాన్ని తెచ్చుకోండ్లి. అదే మంచిగుంటది."

అత్త మొఖం ఎర్రబడ్డది. పైసలు పెట్టి కొంటమన్నా కుక్కను ఇయ్యనన్న మనిషిని ఆమె ఎన్నడు చూసి ఉండదు. "మా ఇల్లు కుక్కకు పనికిరాదా" అన్నది.

"ఇల్లు మంచిదే వదినె. కుక్కదే సున్నితం."

అత్తకు కోపం ఒచ్చినా అసలు ముచ్చట మర్వలే. "మరి ముసలియి ఏడున్నయి? ఈనుడు ఆగినయి?"

శ్యామలమ్మ మొఖం చిన్నగైంది. జాగ చివర, మట్టికోట కట్టను ఆనుకొని ఒక తాటాకు తడక కట్టి ఉన్నది. అటుదిక్కు ఒక్కసారి చూసి, "ఇప్పుడు అటు పోవద్దు వదినె" అన్నది. అంతకన్నా ఒక్క ముక్క చెప్పలే. నేను తడక సందుల నుంచి చూసిన. కొత్తగ తవ్విన మన్ను కనవడ్డది, మన్ను మీద తెల్లగ సున్నం.

పోయేటప్పుడు శ్యామలమ్మ రెండు చెంబులల్ల నీళ్లు తెచ్చింది. అత్త ఒద్దన్నది. నా నాలుక అంగిట్లకు అంటుకపోయి ఉన్నది. చెంబు ఎత్తి గటగట తాగిన, తాగి మూతి తుడుచుకున్న. అప్పుడే గేటు కాడ సైకిలు దిగి ఒకాయన లోపలికొచ్చిండు. నన్ను చూసి, నా చేతుల చెంబును చూసి, నవ్వు ఆపుకుంట పక్కకు తిరిగిండు. ఎవలో చెప్పక్కర లేదు. మనిషి మంచిగనే ఉన్నడు. అత్తకు అది చెవులల్ల చెప్పలే.

తోవల అత్త ఏమేం చూసినవో మొత్తం చెప్పు అన్నది. చెప్పిన. గుంత చెప్పిన, సున్నం చెప్పిన. ఆ రెండు చెప్తాంటే నా గొంతు నాకే నచ్చలే. చెప్పకుంట ఉండబుద్ధయింది గని, నన్ను కండ్లు చేసుకొని తోల్కచ్చిన మనిషికి ఎట్ల దాస్త.

"ఇంకేం చూడాలె. అయిపాయె. గీ సంబంధం ఒద్దు" అన్నది అత్త.

మరునాడు పొద్దుగాల్నే సమ్మమ్మ దిగింది, మొఖమంతా నవ్వు. "బుచ్చిరాములన్నా, నువ్వు గట్టోనివే. మాట ముచ్చట లేకుంట పిల్లనే పంపి నీళ్లు తాగిపిచ్చినవట."

బాపు మగ్గం దిగిండు. మా ఇండ్లల్ల ఒక పట్టింపు ఉన్నది. పిల్లనిచ్చేటోళ్లు పిల్లగాని ఇల్లు చూడ పోతే, మనసు కుదిరేదాక ఆ ఇంట్ల మంచినీళ్లు గూడ ముట్టరు. ఎంత ఎండైనా, ఎంత దూరమొచ్చినా, "ఇప్పుడే తాగి ఒచ్చినం" అనాలె. నీళ్లు తాగిండ్లంటే పిల్లనిచ్చినట్టే.

"ఏందే నిర్మలా" అన్నడు బాపు.

"మనం కుక్క కొనేటోళ్లమైతిమి గద బాపూ. కుక్క కొనేటోళ్లకు పట్టింపేంది" అన్న. నాకు ఏడుపొక దిక్కు, నవ్వొక దిక్కు.

"వాళ్లకు మనమెవలమో ఎట్ల ఎరుక?" అన్నది అవ్వ.

సమ్మమ్మ చేతులు తిప్పింది. "గేటు తీయంగనే గుర్తుపట్టిందట. మోతిబిందు మేనత్త అని నేనే చెప్పి ఉంటి గద."

అత్త కండె ఆపి నుదురు కొట్టుకున్నది. "వదినె అన్నది నన్ను. గేటు కాడనే అన్నది. ఎవలో ఎరుగని ఆడమనిషిని అక్కా అంటరు, అవ్వా అంటరు, వదినె అని ఎవలంటరు? ఇన్ని ఏండ్లొచ్చి ఆ ఒక్క మాట పట్టుకోకపోతి."

గల్లీల అప్పటికే పొక్కింది. ఇగ సంబంధం ఒద్దంటే నీళ్లు తాగి మాట తప్పిండ్లని మాకు పేరొస్తది, నన్ను ఇంకెవలు అడుగుతరు? అవునంటే ఆ సున్నం గుంతలున్న ఇంటికి పోవాలె. బాపు అత్త దిక్కు చూసిండు, చిన్నపిల్లగాడు చూసినట్టు. అత్త నూలు పక్కకు జరిపింది.

"తాగింది పిల్ల. నేను తాగలే. నా గొంతు తడిచేదాక మాట కానట్టే" అన్నది. "ఇంకోపారి పోత. ఈసారి తడక తీపిచ్చి చూస్త. మంచిదైతే నీళ్లు తాగుత. కాకుంటే నిందంత నా నెత్తి మీదేసుకుంట, ముసల్ది చెడగొట్టిందని చెప్పుకోండ్లి."

ఈసారి పోయేసరికి గేటు మూసి ఉన్నది, బయట జీపు ఆగి ఉన్నది. రైసుమిల్లు రాజేశ్వర్ రావు, తెల్ల బట్టల మనిషి, గేటు సువ్వలు పట్టుకొని మాట్లాడుతాండు. శ్యామలమ్మ లోపలనే నిలబడ్డది, గేటు తియ్యలే. అత్త నా చెయ్యి నొక్కింది. మేము యాపచెట్టు చాటుకు ఆగి విన్నం.

"ఎప్పుడో చెప్పి పెట్టుకున్న పిల్లలు శ్యామలమ్మా. హైద్రాబాదుల మా వియ్యంకుని ఇంటికి. మాటిచ్చిన నేను" అంటాండు ఆయన.

"ఎరుకనే సార్. గని లోపల రోగమొచ్చింది. కూనలకు రక్తం పోతాంది. పశువుల డాక్టరు కొత్త రోగమంటాండు, మందు గూడ ఇంకా రాలేదట. ఇది తగ్గేదాక ఒక్క పిల్ల గూడ గేటు దాటదు."

"గా రెండు మంచిగనే ఆడుతానయి గద. వాటినియ్యి. రేపు ఆడ ఏమన్నయితే ఎండకైందనుకుంటరు. ఎవలకెరుక?"

"నాకెరుకైతది గద సార్."

"మిగతావి చచ్చినంక తింటవా ఏంది? ఉన్నయన్న అమ్ముకో."

శ్యామలమ్మ చేతులు జోడించింది. గేటు మాత్రం తియ్యలే. ఇంకెప్పుడు నీ మొఖం చూడ, పది మందికి చెప్త నీ సంగతి అనుకుంట ఆయన జీపెక్కి దుమ్ములేపుకుంట పోయిండు. అంత పెద్ద మనిషికి ఆమె ఎదురుచెప్తాంటే నేను నోరు తెరుచుకొని చూసిన. మా గల్లీల సావుకారి ముందల చెప్పులు గూడ ఇడిచి నిలబడేటోళ్లం మేము.

మేము గేటు కాడికి పోయేలోపట మా ఎనుకనుంచి బాలకిషన్ ఒచ్చిండు, నెత్తి మీద వెదురుబుట్ట, బుట్ట మీద తడిబట్ట. మరిపెడ బస్సు దిగి నడుచుకుంట ఒస్తాండట. బట్ట తీసి చూపిచ్చిండు. లోపల తెల్లటి కూన, తల వాల్చేసి ఉన్నది.

"ఏందిది?" అన్నది అత్త.

"ఈడ రోగం ఎరుక గాకముందు మరిపెడల ఒకాయనకు ఇచ్చినం. ఆడ రోగం బయటవడ్డదని కబురొస్తే పోయి తెచ్చిన. ఇంకా కొన్ని ఊర్లు తిరగాలె, ఇచ్చిన ఇండ్లకల్ల చెప్పి రావాలె."

"అమ్ముకున్నరు. మీ చెయ్యి దాటింది. సచ్చినా బతికినా వాళ్లది గద. ఎందుకు తెచ్చినవు?"

బాలకిషన్ ఆ ప్రశ్నకు పరేషాన్ అయినట్టు చూసిండు. "మా ఇంట్ల పుట్టింది గదత్తమ్మా. బాగలేకుంటే ఇంకేడికి పోతది?"

అత్త చెయ్యి చాపి బుట్ట అంచు పట్టుకున్నది. ఇడవలే. ఆమెను బాపు తోల్కచ్చుకున్న దినం నేను చూడలే గని, అది ఎట్లుండెనో ఆ పట్టుల నాకు తెలిసింది.

"ఆ తడక తియ్యి శ్యామలమ్మా" అన్నది.

శ్యామలమ్మ ఈసారి ఒద్దనలే. తడక కాడ ఒక తొట్టి, దాంట్ల ఫినాయిల్ నీళ్లు. "కాళ్లు ముంచి రాండ్లి వదినె. మొన్న మిమ్ములను ఒద్దన్నది గిందుకే. ఈ రోగం కాళ్లకంటి పోతదట. ఇంట్ల వేరే కుక్క ఉన్నోళ్లకు మీరు తోవల ఎదురైనా కష్టమే. నలుగురికి చెప్తే గుంపులు గుంపులుగ మనుషులు ఒచ్చి చూస్తరు, చూసి ఊరంతా అంటిస్తరు. అందుకే నోరు మూసుకున్న."

లోపటికి పోయినం.

మట్టికోట కట్ట నీడ అంతటా పరుచుకొని ఉన్నది. ఆ నీడల గోనెపట్టలు, గోనెపట్టల మీద ముసలి కుక్కలు. మూతులు నెరిసినయి, చెవులు వాలినయి, కొన్నింటికి కండ్లల్ల మా అత్తకున్నట్టే తెల్లటి పొర. మంద మొత్తంల ఈనుడు ఆగినయన్ని ఆడనే ఉన్నయి. ఒక్కొక్కదాని పొట్టకు ఒకటో రెండో కూనలు అతుక్కొని ఉన్నయి, ఒణుక్కుంట, మూలుగుకుంట. ముసలియి వాటిని నాకుతానయి. ఆగకుంట, తొందర లేకుంట నాకుతానయి. ఒక్క కుక్క గూడ మమ్ముల చూసి మొరగలే. ఉత్తగ చూసినయి, పనిల ఉన్న మనిషి తలెత్తి చూసినట్టు, మళ్ల నాకుడు మొదలుపెట్టినయి.

నేను ఆడనే నిలబడ్డ. చేతులు జోడించబుద్ధయింది. ఎవలకు జోడించాల్నో తెల్వలే.

"చెప్పవేమే" అన్నది అత్త. "ఏం కనవడుతాంది?"

నేను ఆమె చెయ్యి పట్టి గోనెపట్టల దిక్కు తిప్పిన. అత్త ఇగ నన్ను అడగలే. చేతులు ముందలికి చాపి, వంగి, వేళ్లతోని ఎతుక్కుంట పోయి అందిన కుక్క కాడ కూలవడ్డది. అది ఒక పెద్ద అల్సేషన్, పేరు రోజీ అని శ్యామలమ్మ చెప్పింది. అత్త దాని మూతి తడిమింది, మెడ తడిమింది, ఎన్నుపూస బొక్కలు తడిమింది. రోజీ కదలలే. అత్త వేళ్లు పొట్ట కాడికి పోయినయి. పొదుగు ఎండి చర్మానికి అంటుకపోయి ఉన్నది. దానికి ఒక కూన నోరు పట్టుకొని ఉన్నది.

"దీనికి పాలేడియి" అన్నది అత్త.

"లేవు వదినె. దీని ఈతలు ఎన్నడో ఆగినయి."

"మరి పిల్ల తాగుతాంది గద."

"ఉత్తగనే చీకుతాంది. అట్ల చీకుకుంటనే పండుకుంటది. మేము గంట గంటకు ఉప్పు చక్కెర కలిపి నీళ్లు పోస్తానం. కన్నతల్లులను ఈడికి పంపితే మంచిగున్న కూనలకు అంటుకుంటది. ముసలివాటికి ఈ రోగం అంతగ రాదన్నడు డాక్టరు. ఏం చెయ్యాల్నో తెల్వక ఒక కూనను తెచ్చి రోజీ పక్కన పెట్టిన. పెట్టంగనే దగ్గరికి తీసుకున్నది. దాన్ని చూసి మిగతా ముసలియి అవే లేచి ఒచ్చినయి. నేను చెప్పలే వదినె, ఎవలు చెప్పలే వాటికి."

అత్త వేళ్లు ఆ ఎండిన పొదుగు మీదనే ఆగినయి. బాలకిషన్ మరిపెడ కూనను తెచ్చి మెల్లగ రోజీ ముందల పెట్టిండు. రోజీ మూతితోని దాన్ని జరుపుకొని, రెండోదాని పక్కన సర్దింది.

"ఆ గుంతలల్ల?" అన్నది అత్త, తల ఎత్తకుంటనే.

"పోయినయి. సున్నం పోసి పెట్టినం, అంటుకోవద్దని."

"ఇన్ని ఎందుకు పెంచినవే? రెండు చేతులే గద నీకు."

శ్యామలమ్మ కొంగు తీసి మొఖం తుడుచుకున్నది. "అడిగినోళ్లకు లేదనలేక పెంచుకుంట పోయిన వదినె. ఇన్ని ఉండుట్లనే రోగం ఇంతగనం పాకింది. మంది ఏదేదో అంటరు, గవి నేను చెయ్యలే. గని ఇది నా తప్పే."

"అవు, నీ తప్పే" అన్నది అత్త. మెత్తగ చెప్పుడు ఆమెకు రాదు. "మందను తగ్గియ్యాలె. ఏడాది పాటు ఈతలు ఆపాలె."

"ఆపుత."

"ఇందాక జీపాయనకు లేదన్నవు గద. గట్లనే ఇంకింతమందికి అను."

శ్యామలమ్మ తల ఊపింది. అత్త లేచింది. తొట్టి కాడికి పోయి చేతులు కడుక్కున్నది, మళ్ల బాయి కాడ సబ్బు పెట్టి మోచేతుల దాక కడుక్కున్నది. కొంగుకు తుడుచుకున్నది. తుడుచుకొని, "జర మంచినీళ్లు ఇయ్యి వదినె" అన్నది.

శ్యామలమ్మ లోపటికి ఉరికింది. అత్త చెంబు ఎత్తి మొత్తం తాగింది. నేను బాలకిషన్ దిక్కు చూడలే, ఆయన నా దిక్కు చూడలే. ఇద్దరం ఆ ఖాళీ చెంబునే చూసినం.

"నువ్వు ఇంటికి పో పొల్లా. మాట అయిందని మీ బాపుకు చెప్పు" అన్నది అత్త.

"నువ్వు రావా?"

"గంట గంటకు నీళ్లు పోయాల్నంటాండ్లు. ఈమె ఒక్కతి, ఆ పిల్లగాడు ఊర్లు తిరగాలె. కూనల నోట్లె చెంచ పెట్టుటానికి కండ్లేం అవసరం? వేళ్లు చాలు."

తెల్లారి రాలే. ఆ మరునాడు రాలే. బాపు పోయి పిలిస్తే, రోజీ పక్కన గోనెపట్ట మీద కూసొని, ఒళ్లె కూనను పెట్టుకొని, "కండెలు మల్లవ్వను చుట్టుమను" అన్నదట. కొత్తవాడ అంతా ఒకటే నవ్వుడు. పిల్లకంటె ముందు మేనత్తనే అత్తగారింటికి పోయింది, బుచ్చిరాములు కట్నం కింద అక్కనిచ్చిండు అని. బాపు గూడ నవ్విండు. నవ్వి, ఆ మూలకు ఖాళీగున్న రాట్నం దిక్కు చూసిండు. అవ్వ ఎన్నడు లేంది ఆ పొద్దు కూర ఎక్కువ వండింది, అలవాటున.

శాన కూనలే పోయినయి. మరిపెడది బతికింది. మృగశిర వానలు పడి భూమి చల్లబడ్డంక రోగం ఎనుకకు పట్టింది. జీపుల రాకడ తగ్గింది. రాజేశ్వర్ రావు అన్నంత పని చేసిండు, నలుగురికి చెప్పిండు. గని ఆ చెప్పుడుతోనే కొందరు, రోగముంటే అమ్మని మనిషి ఆమెనట అనుకుంట ఎతుక్కుంట ఒచ్చిండ్లు. ఒచ్చినోళ్లను గేటు కాడ ప్రశ్నలడిగేది మా అత్తనే అయింది. చాలామందిని ఎనుకకే పంపిందట.

శ్రావణంల నా పెండ్లి. మా గల్లీ మొదట్ల ఎదుర్కోళ్లు. పిల్లగానోళ్లు డప్పులతోని అటుదిక్కు నుంచి ఒస్తాంటే, మేము ఇటుదిక్కు నుంచి బుక్కా గులాలు రంగుల పళ్లాలు పట్టుకొని ఎదురుపోయినం. పోయినం అంటే, నేను ఇంట్లనే కూసోవాలె గద, కిటికీల నుంచి చూసిన. అవ్వ మంగళారతి పట్టుకొని అటుఇటు చూస్తాంది. "వదినె ఏదీ? మేనత్త లేకుంట ఎట్ల?" అంటాంది.

అత్త ఉన్నది. అటుదిక్కున్నది. పిల్లగానోళ్ల గుంపుల ముందు వరుసల, శ్యామలమ్మ భుజం పట్టుకొని, కొత్త చీరల నడుచుకుంట ఒస్తాంది.

డప్పులు ఆగినయి. రెండు గుంపులు ఎదురెదురుగ నిలబడ్డయి. పిల్లనిచ్చేటాయన పిల్లగానోళ్ల పెద్దలకు గంధం పెట్టాలె. బాపు గంధం గిన్నె పట్టుకొని ఒక్కొక్కలకు పెట్టుకుంట పోయి అక్క ముందల ఆగిండు. ఒకనాడు ఆమెను ఒట్టి చేతులతోని తోల్కచ్చుకున్న మనిషి. ఆమె ఏ ఇంటికీ పెద్ద కాదని, తన ఇంట్లనే ఓ మూలకు బతుకుతాందని ఇన్నేండ్లు లోపల లోపల ఏడిసిన మనిషి. గంధం పెడుదామంటే చెయ్యి లేస్తలేదు ఆయనకు.

అత్త మసక కండ్లతోని తమ్ముని దిక్కు చూసింది.

"ఏంది, గంధం ఎండబెడతానవా?" అన్నది గట్టిగ, అందరికి ఇనవడేటట్టు. "మా పిల్లగాడు పొద్దటిసంది ఏం తినలే. జల్ది కానియ్యుండ్లి."

అందరు నవ్విండ్లు. బాపు ఆమె చేతులకు గంధం రాసి, వంగి కాళ్లు మొక్కిండు. లేచినంక ఆయన మొఖం తుడుచుకున్నడు, చేతికున్న గంధమంత చెంపలకు అంటింది. ఆ మొఖంతోనే ముందల నడుచుకుంట మగపెండ్లోళ్లను మా ఇంట్లకు తోల్కచ్చిండు.